మొహమాటం గల కెమెరాలు

ఉదయం బెల్లు కొట్టగానే లెక్కల మాస్టారు హాజరుపట్టీ చంకలో పెట్టుకుని వరండా వెంట నడుస్తారు. ఈమధ్య తల మాత్రం ఎత్తడం లేదు. ఎత్తితే, పైనున్న కెమెరా మెల్లగా గోడవైపు తిరగడం కనిపిస్తుంది.

ఆ బడిలో పాత కెమెరాలకు మొహమాటం ఎక్కువ. మనిషి సిగ్గుతో కుంచించుకుపోతుంటే చూడలేవు. లెక్క రాక బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లాడైనా, ప్యాంటు చిరిగిన డ్రిల్లు మాస్టారైనా వాటికి ఒకటే, మొహం తిప్పుకుంటాయి. ఫ్యాన్లు కిర్రుమనడం ఎంతో ఇదీ అంతే, ఎవరూ పట్టించుకోరు.

పోయిన నెల మాస్టారు సిగరెట్టు కోసం, కెమెరా లేని వెనక గేటు గడియ తీసి బయటికెళ్లారు. బెల్లు వినబడి పరుగున వచ్చేశారు, గడియ మరిచారు. ఒకటో తరగతి బుడ్డోడు ఆ సందులోంచి రోడ్డెక్కాడు. లారీవాడు బ్రేకు తొక్కబట్టి పిల్లాడు బతికిపోయాడు. నింద రెండు గేట్లూ కాసే ముసలాయన మీద పడింది. పిల్లలతో పాటు అందరూ ఆయన్ని గేటు తాత అనే పిలుస్తారు.

"గడియ పెట్టినట్టే గుర్తమ్మా. వయసైపోయింది, మర్చిపోయానేమో" అన్నాడు తాత హెడ్మిస్ట్రెస్ ముందు. మాస్టారు పక్కనే ఉన్నారు, తేలు కుట్టిన దొంగలా. ఈ నెలాఖరుకు తాతను పని మానెయ్యమన్నారు. బడికి డిజిటల్ కెమెరాలు పెట్టాలనీ అప్పుడే తేల్చారు.

కెమెరాలు బిగించే కుర్రాడు వచ్చాడు. కంప్యూటర్ తెలిసిన మనిషని మాస్టారినే దగ్గరుండి చూసుకోమన్నారు.

"పాత టేపులన్నీ కొత్త మెషీన్లోకి ఎక్కిస్తున్నా సార్. ఇటు చూడండి" అన్నాడు కుర్రాడు. తెరమీద వరండా, ఉన్నట్టుండి గోడ. స్టాఫ్ రూము, మళ్లీ గోడ. "ఎవరో గానీ, ఆ మనిషి ఎటు నడిస్తే అటు గోడే. నెల్లాళ్ల నుంచీ ఇదే వరస. పాపం, లోపల ఎంత నలిగిపోతున్నాడో!"

"కొత్తవి కూడా ఇలాగే తిరుగుతాయా?"

"వాటికి మొహమాటం లేదు సార్."

ఆ మనిషి తనేనని మాస్టారికి తెలుసు. ప్రాణం లేని కెమెరాలు ఆయన పరువు కాచడానికి నెల్లాళ్లు మెడ తిప్పుకున్నాయి. ప్రాణమున్న తాను ఒక ముసలివాడి కోసం నోరు విప్పలేకపోయారు. ఛీ, ఏం బతుకు అనుకున్నారు. లేచి తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశారు.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ సంగతి తర్వాత చూస్తాను. తాతకు పని మానాల్సిన అవసరం లేదని చెప్పండి. ఎందుకో కూడా మీ నోటితోనే చెప్పండి."

గేటు దగ్గర తాత అంతా విన్నాడు.

"అయితే నేను గడియ పెట్టానన్నమాట."

"పెట్టావు తాతా. తీసింది నేను. నన్ను తిట్టు."

తాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "మతి పోతోందనుకున్నాను సార్. మనవరాల్ని సైకిలెక్కించుకోవడం కూడా మానేశాను, ఎక్కడైనా దింపి మర్చిపోతానేమోనని. రోజూ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది పిచ్చిది."

మాస్టారు తల దించేసుకున్నారు. తాత అప్పటికే సైకిలు స్టాండు తీస్తున్నాడు.

"ఇవాళ కాస్త ముందెళ్తాను సార్. గేటు చూస్తారా?"

తాత వెళ్లాక మాస్టారు గడియ పెట్టారు. పడిందో లేదోనని లాగి చూసి, స్టూలు మీద కూర్చున్నారు. కాసేపటికి లేచి మళ్లీ లాగి చూశారు.