మరకల పేజీ, గోడ మీది నీడలు

సాయంత్రం లాండ్రీ నుంచి రాగానే ఆ అమ్మాయి చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. పగలంతా కౌంటర్ వెనక నిలబడి ఎవరెవరి చొక్కాల మీదివో టీ మరకలు, సిరా మరకలు వదిలిస్తుంది. ఇంటికొచ్చి వాటి గురించే తన వెబ్‌సైట్‌లో రాస్తుంది. కాలర్ మీది లిప్‌స్టిక్ కంటే దిండుగలీబు మీది కన్నీళ్ళు వదిలించడం కష్టమని కూడా రాసింది. "కన్నీళ్ళకి మరకేంటమ్మా, పిచ్చి కాకపోతే" అని లాండ్రీ ఓనరు నవ్వాడు. అయినా ఆ వాక్యం తీసెయ్యలేదు. అందరూ ఆమెని మరకలమ్మాయి అంటారు.

సైటులో ప్రకటనలు పెట్టిన దగ్గర్నుంచి, చదివేవాళ్ళ నీడలు మరకలమ్మాయి ఇంటి ముందుగది గోడ మీద వాలుతున్నాయి. ప్రకటనలున్న సైటు ఎవరిదైనా అంతే. వీధి మొదట్లో చెప్పుల షాపుకైతే గోడ చాలక పైకప్పు మీద కూడా నీడలే. వీళ్ళ గోడ మీద పదో పదిహేనో ఉంటాయి. ఒకాయన చదువుతూ చెవి గోక్కుంటాడు. ఒకావిడ చంకలో పిల్లని ఊపుతూ చదువుతుంది. "ఈ మహానుభావుడికి ఇవాళా స్నానం లేనట్టుందే" అంటూ అమ్మ ఆ గోడకే ఆనుకుని కూరగాయలు తరుగుతుంది.

వీధి లైట్లు వెలిగే వేళకి ఇంకో నీడ వస్తుంది. అప్పుడు అమ్మ కత్తిపీట పక్కన పెట్టేస్తుంది. ముందుకు వంగి, జడ కొసని వేలికి చుట్టుకుంటూ చదివే నీడ అది. ఎడమ మణికట్టు కాస్త వంకరగా ఉంటుంది. అది అక్క. ఆ చెయ్యి విరిచింది బావ.

చెయ్యి అతుక్కున్నాక అక్క ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడికో చెప్పలేదు. "మీకు తెలిస్తే మీ నోట్లోంచి ఆయన లాగేస్తాడే. రోజూ నీ మరకలు చదువుతాను. బతికే ఉన్నానని చూసుకోండి, చాలు" అంది.

బావకీ ఆ సంగతి తెలుసు. ఆదివారమాదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పళ్ళ సంచీతో వచ్చి గోడకెదురుగా కూర్చుంటాడు. "ఎక్కడున్నావోయ్, బంగారం?" అని నీడని అడుగుతాడు. నీడ పలకదు. "మీ అమ్మాయికి పొగరు తగ్గలేదు అత్తయ్యా" అని, తెచ్చిన పళ్ళు తనే తినేసి వెళ్ళిపోతాడు.

ఒకరోజు ప్రకటనల కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు.

"సైటులో గోప్యతా విధానం లేదేంటమ్మా?"

"నా సొంత సైటు కదండీ. నేనేమైనా కంపెనీనా?"

"ప్రకటన పెట్టాక సొంతమైనా ఒకటే, కంపెనీ అయినా ఒకటే. ఎవరి నీడ తీసుకుంటున్నారు, ఎవరికి చూపిస్తారు, ముందే చెప్పాలి. అలాగే మీ చిట్కాతో ఎవరి కోటైనా పాడైతే మీ పూచీ లేదని కూడా రాయాలి. రేపటికల్లా ఈ రెండూ పెట్టకపోతే ప్రకటనలు తీసేస్తాం."

ప్రకటనలు పోతే నీడలు పోతాయి. అమ్మ మొహం తెల్లబోయింది.

"రాసేముందు చదువుకోమ్మా. నీడలు దాని ప్రకారమే నడుచుకుంటాయి" అని గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడాయన.

కోటు సంగతి మరకలమ్మాయి మనసు పెట్టి రాసింది. 'ఇవి నా అనుభవాలు మాత్రమే. ముందు బట్టలో ఓ మూల రుద్ది చూడండి. బట్టలకీ మనసులుంటాయి' అని. గోప్యతా విధానమే చేతకాలేదు. అక్కడా ఇక్కడా వెతికితే ఒక పెళ్ళిసంబంధాల సైటులో కనిపించింది. చుట్టూ బంగారు అంచు, లోపల 'తెలియజేయడమైనది', 'పొందుపరచడమైనది' అంటూ గంభీరమైన మాటలు. ప్రేమలేఖలా ఉందనిపించింది. సైటు పేరు ఒక్కటి మార్చి, మొత్తం తెచ్చి తన సైటులో పెట్టేసింది. కంపెనీ వాళ్ళు బాగుందన్నారు. అమ్మ ఆ పూట కడుపునిండా తింది.

బావ ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాడు. చచ్చినవాళ్ళ తాలూకు వాళ్ళకి డబ్బు ఎందుకు రాదో చెప్పడం అతని ఉద్యోగం. అందుకని చిన్నక్షరాలు కనిపిస్తే వదలడు. ఆ ఆదివారం వీధి లైట్లు వెలిగేదాకా ఫోన్‌లో ఆ పేజీ చదువుతూ కూర్చున్నాడు. అక్క నీడ వచ్చి వాలగానే లేచి నిలబడి, కోర్టులో బంట్రోతులా పైకి చదివాడు.

"వివాహితుల వివరములు, జీవిత భాగస్వామి కోరినచో, వారికి మాత్రమే తెలియజేయబడును."

ఆ వాక్యం మరకలమ్మాయి వినడం అదే మొదటిసారి.

"కోరుతున్నాను" అన్నాడు బావ. వెళ్ళి గోడకి చెవి ఆనించాడు.

అక్క నీడలో తల ఒక్కటే పక్కకి తిరిగింది. అతని చెవి దగ్గర పెదవులు కదిలాయి. గదిలో ఇంకెవరికీ ఏమీ వినబడలేదు. వింటున్నంతసేపూ బావ చిన్నపిల్లాడిలా తలూపాడు.

"ఇంత దగ్గరా!" అన్నాడు. మరకలమ్మాయి బుగ్గ గిల్లాడు. "బంగారు మరదలివి. నీ మేలు మర్చిపోను" అంటూ గుమ్మం దాటాడు.

అమ్మ గోడ మీద పడిపోయింది. "నాక్కూడా చెప్పవే తల్లీ! నాకు చెప్పవే!" అని రెండు చేతులతో చరిచింది. నీడ చదువుకుంటోంది, అంతే. 'వారికి మాత్రమే' అని ఉంది మరి. మరకలమ్మాయి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తి, 'తల్లికి కూడా' అని కొట్టేలోపు అక్కడెక్కడో అక్క చదవడం అయిపోయింది. నీడ లేచి, జడ వెనక్కి విసురుకుని వెళ్ళిపోయింది.

బావ ఫోన్ ఎత్తలేదు. పోలీస్ స్టేషన్‌లో "ఏ ఊరు? ఏ వీధి?" అని అడిగారు. ఆ రెండూ తెలియకుండా ఏం చెయ్యమంటారు అన్నారు.

చివరికి మరకలమ్మాయి మరకలన్నీ తీసేసి, పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. 'అక్కా, బావకి తెలిసిపోయింది. తప్పు నాదే. ఉన్నపళంగా అక్కణ్ణుంచి వెళ్ళిపో.'

మర్నాడు లాండ్రీకి వెళ్ళలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ పొద్దుట్నుంచీ గోడని చూస్తూ కూర్చున్నారు. చెవి గోక్కునేవాడు వచ్చాడు, తెల్లబోయి వెళ్ళిపోయాడు. చంకలో పిల్ల ఉన్నావిడ కాసేపు ఆగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. వీధి లైట్లు వెలిగాయి.

అక్క నీడ వచ్చింది.

"చదువుతోందే, చదువుతోంది" అంది అమ్మ.

నీడ పేజీకి ఇంకా దగ్గరగా వంగింది. జడ చుట్టుకుంటున్న వేలు ఆగిపోయింది. లేవబోయింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడి, మెల్లగా మళ్ళీ కూర్చోబెట్టింది. గోడ మీద రెండో నీడ, పొడుగ్గా, చొక్కా మడత నలగకుండా, ఆమె పక్కనుంచి ముందుకు వంగింది. అక్షరాల వెంట వేలు పెట్టి, తొందరేమీ లేనట్టు, మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది.