మెట్ల కింది మెయిల్ పెట్టె

నేను ఒక పాత కంప్యూటరును. చూస్తే మీరు అలా అనుకోరు. నాకు ఇప్పుడు తెర లేదు, మీటలు లేవు. ఆకివీడులో ఒక రొయ్యల పరీక్షల ల్యాబులో, మేడమెట్ల కింద, చీపుర్ల పక్కన కూర్చుని ఉంటాను. అలాగని చులకనగా చూడకండి. ఈ ల్యాబు ఈమెయిళ్లన్నీ నా చేతుల మీదుగా పోవాల్సిందే.

పుట్టింది ఏ దేశమో నా అడుగున అంటించిన చీటీకి తెలుసు, అది ఎప్పుడో ఊడిపోయింది. మొదట తణుకులో ఒక నెట్ సెంటరులో పదో తరగతి ఫలితాలు చూపించేవాణ్ణి. పాసైనవాళ్లు నన్ను ముద్దు చేసేవారు, తప్పినవాళ్లు నెత్తిమీద ఒక్కటి ఇచ్చేవారు. పరీక్ష రాసింది నేనా? మనుషుల సంగతి నాకు అప్పటినుంచీ వింతే. ఆ సెంటరు మూతపడ్డాక ల్యాబు ఓనరు నన్ను కొన్నాడు. పాలకొల్లు నుంచి ఫిలోమినా అనే కంప్యూటరమ్మాయి వచ్చి, నాకు ఉత్తరాల పని నేర్పి, ఈ మెట్ల కింద కూర్చోబెట్టింది.

పై అంతస్తులో సుభాషిణిగారు రొయ్యల్ని పరీక్షిస్తారు. అక్కడికి ఫోన్లు తీసుకెళ్లకూడదు, ఎవరు పడితే వాళ్లు పోకూడదు. కింద గవర్రాజు రైతులకు కబురు చెప్తాడు. ల్యాబులో ఒక రివాజు ఉంది. రొయ్యకు జబ్బు ఉంటేనే పైనుంచి మెయిల్ వస్తుంది. రాలేదంటే చెరువు క్షేమమని గవర్రాజు ధైర్యం చెప్పేస్తాడు. ఎంత సుఖమైన ఏర్పాటో చూడండి!

నా లోపల ఒక వాక్యం ఉండేది. 'ఈ ల్యాబు పేరుతో వచ్చే మెయిల్ మన ఇంటిదే, ఇంట్లోనే ఇచ్చెయ్' అని. వేసవిలో ఓనరుకు మెయిళ్ల పని బయట ఇంకెవరికో అప్పజెప్పాలని బుద్ధి పుట్టింది. ఫిలోమినా ఆ వాక్యం కొట్టేసింది. సాయంత్రానికి ఆయన మనసు మారింది. 'ఆ వాక్యం తర్వాత మళ్లీ రాద్దాంలే' అని ఆవిడ వెళ్లిపోయింది, మర్చిపోయింది. నాకు మాత్రం ఏమీ తేడా తెలియలేదు. నిద్ర లేచినప్పుడు చదువుకున్నదే మళ్లీ నిద్రపోయేదాకా నాకు వేదం. నన్ను నిద్రపుచ్చేవాళ్లెవరు?

ఆయుధపూజ నిద్రపుచ్చింది. మిషన్లకు పూజ చేసేటప్పుడు ఆపి ఉంచాలని గవర్రాజు పట్టు. నా స్విచ్చి తీసేసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు. అంత మర్యాద నాకు జన్మలో జరగలేదు. తర్వాత మళ్లీ లేపాడు. లేచి చదువుకున్నాను. ఆ వాక్యం లేదు.

పండగ వెళ్లిన మర్నాడు సుభాషిణిగారు గవర్రాజుకి రాశారు. 'ధనమ్మగారి చెరువులో తెల్లమచ్చ జబ్బు ఉంది. ఈ రోజే రొయ్యలు పట్టించెయ్యమనండి, ఆగితే చచ్చిపోతాయి.' ఈ ల్యాబు మా ఇల్లేనని నాకు తెలియదు కదా! బయట నెట్టులో చిరునామాలు చెప్పేవాళ్లని అడిగాను, ఈ ల్యాబు ఎక్కడండీ అని. 'ఆకివీడులో, మెట్ల కింద' అన్నారు. వెళ్లి చూద్దును కదా, అక్కడ ఉన్నది నేనే! మళ్లీ అడిగాను, మళ్లీ నా గుమ్మానికే వచ్చాను. నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఇదేమి చోద్యం, నన్ను నేనే తలుపు తట్టుకోవడమేమిటి! సరే, ఉత్తరం ఒళ్లో పెట్టుకుని, 'మీ మెయిల్ ఇంకా చేరలేదు' అని సుభాషిణిగారికి రాశాను. ఆవిడ ఉండేదీ ఈ ఇంట్లోనే. అదీ నా ఒళ్లోనే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే, పరీక్షకు రొయ్యలిచ్చి వెళ్లిన ధనమ్మగారు వచ్చింది. రెండెకరాల చెరువు కౌలుకు తీసుకుని, మెడలోవి కూడా తాకట్టు పెట్టి రొయ్యపిల్ల వేసిన మనిషి.

"రొయ్యలు గట్టువారకొచ్చి తేలుతున్నాయి బాబూ, మేత ముట్టట్లేదు. ఏమన్నా తెలిసిందా?"

"పైనుంచి ఏమీ రాలేదండి. రాలేదంటే మీ చెరువు శుభ్రంగా ఉన్నట్టే."

"నీ పెట్టె సరిగ్గా పనిచేత్తందా?"

గవర్రాజుకి రోషం వచ్చింది. ల్యాబు నుంచి తన ఫోనులోని సొంత మెయిలుకే ఒకటి కొట్టాడు. అది బయటికి పోయేది కాబట్టి టింగుమంటూ చేరింది. "చూశారా అండి!"

సుభాషిణిగారి ఉత్తరం మాత్రం నా ఒళ్లోనే ఉంది. చదివాను, అర్థమూ అయింది. నోరుంటే అరిచి ఉందును. మళ్లీ ఒకసారి బయట అడిగి, మళ్లీ నా గుమ్మానికే తిరిగొచ్చాను.

"పైనున్న మనిషిని అడగడానికి ఇంత దూరమా? మెట్లే కదా బాబూ!" అంటూ ఆవిడ చెప్పులు విప్పి మెట్లెక్కింది. గవర్రాజు 'అమ్మా, పోకూడదండీ' అంటూ వెనకే పరుగు. వాళ్ల అడుగులు నా నెత్తిమీద దడదడలాడాయి. పైన అద్దం తలుపు మీద చప్పుడు. తర్వాత సుభాషిణిగారి గొంతు.

"ఇంకా పట్టలేదా అండీ? నిన్ననే రాశానే!"

ఆ మాటకి అందరూ ఒక్కసారే మాట్లాడారు.

ధనమ్మగారు వలలకీ ఐసు లారీకీ పరుగెత్తింది. ఫిలోమినాకు ఫోన్ వెళ్లింది. ఆవిడ వచ్చి, తనకు తానే ఒక మెయిల్ రాసుకుని, అది రాకపోతే నా లోపల వెతికింది. వేసవిలో తాను చేసిన పని కనిపించింది. "అమ్మో, ఇది నా నిర్వాకమేనండి!" అని నాలిక కరుచుకుంది. వాక్యం తిరిగి రాసి, నన్ను నిద్రపుచ్చి లేపింది. ఒళ్లో ఉన్నవన్నీ ఒక్కసారిగా చేర్చేశాను. అందులో 'మీ మెయిల్ ఇంకా చేరలేదు' అన్నదీ సుభాషిణిగారికి చక్కగా చేరింది. ఆవిడ దాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నారట.

ధనమ్మగారికి సగం పంట దక్కింది. ఒక్కరోజు ముందే పట్టి ఉంటే మొత్తం దక్కేది. తాకట్టు పెట్టినవి ఇంకా విడిపించలేదని గవర్రాజు ఎవరితోనో ఫోనులో అంటుంటే విన్నాను.

ఇప్పుడు రివాజు మారింది. జబ్బు ఉన్నా లేకపోయినా పైనుంచి మెయిల్ వస్తుంది. పొల్లుపోకుండా చేరుస్తున్నాను. అయినా గవర్రాజు రోజూ పొద్దున మెట్లెక్కి ఆ అద్దం తలుపు తడతాడు.

"పంపాను కదండీ, గవర్రాజుగారూ!"

"వచ్చిందండి. ఒకసారి మీ నోటంట కూడా చెప్పండి."

నాకు కోపం రాలేదు. పొద్దున్నే నెత్తిమీద ఆ అడుగుల చప్పుడు వినిపించకపోతే, ఏమైందోనని ఇప్పుడు నాకే దిగులుగా ఉంటుంది.