దొరికాక ఒకసారి చెప్పండి

ఆ సోమవారం కూడా ఫోన్ మోగలేదు. వరసగా మూడో సోమవారం.

మా పనిలో సోమవారం ఫోన్ మోగకపోవడమంటే ఇంట్లో చంటిపిల్ల ఏడవకపోవడం లాంటిది. మొదట హాయిగా ఉంటుంది. కాసేపటికి లేచి వెళ్ళి చూడాలనిపిస్తుంది.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపుల కోసం తయారైన చిన్న సాఫ్ట్‌వేర్. బట్ట కౌంటరు మీదికి రాగానే దానికో నంబరు చీటీ కట్టి, ఆ నంబరు కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఆ బట్ట ఉతుకుడులో ఉందో, ఇస్త్రీలో ఉందో, ఏ కడ్డీకి వేలాడుతోందో ఎప్పుడడిగినా చెబుతుంది. నలభై ఒక్క షాపులు దాన్ని వాడుతున్నాయి. రాసింది తమ్ముడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, వ్యాపారంలో నా భాగస్వామి. నన్ను అక్కా అంటాడు గనక తమ్ముడు. మాటలు తక్కువ. మావారు అతనికి ‘ముక్తసరి’ అని పేరు పెట్టారు.

షాపులవాళ్ళతో మాట్లాడేది నేను. ఆదివారం రద్దీ అయ్యాక సోమవారం పొద్దున చీటీలు ఊడిపోయి, బట్టలు కనబడక పది పన్నెండు ఫోన్లు వచ్చేవి. ఎత్తి, తిట్లు తిని, వాళ్ళను చల్లబరిచి, ఏం జరిగిందో పొడుగు నోటుబుక్కులో రాసుకొని తమ్ముడికి చదివి వినిపించేదాన్ని. అతను సరిచేసేవాడు. రెండున్నరేళ్ళుగా అంతే. ఫోనే నా పని. అది మోగకపోతే మా ఆఫీసు గదిలో నేనెందుకు?

మేమిద్దరం కలిసింది పోయిన కోటు దగ్గర. అప్పటికి నేను ఒక షాపులో పదకొండేళ్ళుగా కౌంటరు చూస్తున్నాను. ఇంటర్వ్యూకి వేసుకోవాలని ఇతను ఇచ్చిన కోటును మా షాపు ఇంకెవరికో ఇచ్చేసింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. అతను తిట్టలేదు.

“మీ తప్పు కాదండీ. ఇన్ని బట్టలు ఒక్క మనిషి తలలో పెట్టుకోమనడం తప్పు” అన్నాడు.

మర్నాడు బట్టల వివరాలు రాసుకోవడానికి కాగితం మీద గళ్ళు గీసుకొచ్చాడు. రంగు అన్నచోట నీలం అని ఒకటే ఉంది.

“నాయనా, నీలాలు ఏడుంటాయి. సిరా నీలం, స్కూలు నీలం, వెలిసిపోయి నీలమో బూడిదో తెలియని నీలం...” అన్నాను.

నవ్వకుండా ఏడూ రాసుకున్నాడు. నాది అంతంతమాత్రపు చదువు. నా మాటను అలా రాసుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అది చూసే అతనితో వ్యాపారంలోకి దిగాను.

మరి ఇప్పుడు నాకు కనబడకుండా ఏం రాస్తున్నాడు?

మా గది తాళాలు చేసే అతని దుకాణం మీద. ఆ సోమవారం నేను మెట్లెక్కబోతుంటే అతను మిషను ఆపి అడిగాడు. “ఏంటమ్మా, మీ తమ్ముడు రోజూ పొద్దున ఆరింటికే వస్తున్నాడు? పైన దొంగనోట్లు గాని గుద్దుతున్నారా?” నవ్వి ఊరుకున్నాను. ఆరింటికి రావడం నాకు తెలియదు. పైకి వెళ్ళేసరికి తమ్ముడి కంప్యూటరు తెర గోడవైపు తిరిగి ఉంది.

“ఏం రాస్తున్నావు తమ్ముడూ?”

“చిన్న పని అక్కా. అయ్యాక చూపిస్తా.”

పని మొదలుపెట్టే ముందు నేను రోజూ రెండు నిమిషాలు కళ్ళు మూసుకొని దేవుణ్ణి తలుచుకుంటాను. తమ్ముడికి ఆ పట్టింపు లేదు. ‘మీ ఇష్టం అక్కా, నేను ఊరికే నిలబడతాను’ అని మొదటిరోజే చెప్పాడు. ఆ రోజు ప్రార్థన మధ్యలో నేను ఒక కన్ను తెరిచాను, ఆ తెర మీద ఏముందో చూద్దామని. తెర కనబడలేదు. తమ్ముడు కనబడ్డాడు. చేతులు కట్టుకొని, కళ్ళు మూసుకొని నిలబడి ఉన్నాడు.

సిగ్గేసింది. నాకు సిగ్గేసింది గాని, నా అనుమానానికి వేయలేదు. నేను చూస్తానని తెలిసే కళ్ళు మూసుకున్నాడేమోనంది అది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర నోరుజారాను. మా మరిది ఒక పెద్ద కంపెనీలో కంప్యూటర్ల పనే చేస్తాడు.

“ఫోన్లు రావట్లేదా? మంచిదేగా, చెవులకి విశ్రాంతి” అన్నారు మావారు.

“మంచిదేంటన్నయ్యా! ఫోన్లు ఎక్కడికి పోతాయి? దారి మళ్ళుతాయి. వదినా, నీ ముక్తసరి షాపులన్నీ తనవైపు తిప్పుకుంటున్నాడు, చూస్తూ ఉండు.”

“ఛ, అలాంటివాడు కాదు.”

“అలాంటివాడు అలాంటివాడిలాగే కనబడితే ఇంక మోసం ఎలా కుదురుతుంది?”

“నీ నోట ఒక్క మంచిమాట రాదురా” అన్నారు మావారు. “ఏమేవ్, అతన్నే అడిగితే పోలా?”

“అడిగాను. అయ్యాక చూపిస్తాడట.”

“అయ్యాక ఇంకేం చూపిస్తాడు, మొండిచెయ్యి చూపిస్తాడు” అన్నాడు మరిది. “నీ పాస్‌వర్డు చెప్పు వదినా. చిటికెలో చూసేస్తా.”

చెప్పకూడదని తెలుసు. బయటివాళ్ళకు ఎవరికీ ఇవ్వొద్దని తమ్ముడు అడిగిన మాట అదొక్కటే. చెప్పాను. మరిది చూస్తున్నంతసేపూ దేవుడి గూటికి వీపు పెట్టి కూర్చున్నాను. చిటికె రెండు గంటలు పట్టింది.

“దొరికింది! షాపులవాళ్ళ తెరమీద కొత్త మీట పెట్టాడు. ‘బట్ట కనబడటం లేదు’ అని. అది నొక్కితే సంగతంతా నేరుగా అతని దగ్గరికే. నీ ఫోను దాకా రానే రాదు. మూడు వారాలైంది పెట్టి.”

“నన్ను తప్పించాడంటావా?”

“కూరలో కరివేపాకులా.”

మర్నాడు పొద్దున మా గదికి వెళ్ళలేదు. రెండు షాపులావిడ దగ్గరికి వెళ్ళాను. రెండు షాపులు నడుపుతుంది కాబట్టి మేం ఆవిడను అలాగే పిలుస్తాం. అందరికంటే ఎక్కువ ఫోన్లు చేసేదీ, ఎక్కువ తిట్టేదీ ఆవిడే.

“అయ్యో, దారి తప్పి వచ్చారా?” అంది నన్ను చూడగానే.

“మీరు ఫోన్ చేయడం మానేశారు కదా. తిట్లు లేక ముద్ద దిగడం లేదు.”

“చేయడానికి ఏముంది? మీరు దీంట్లోనే కూర్చున్నారుగా!” అని కంప్యూటరు చూపించింది. “గొంతొక్కటే తక్కువ. మిగతాదంతా మీరే.”

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ ఆ మీట నొక్కింది. తెరమీద అక్షరాలు వచ్చాయి.

‘ముందు చెప్పండి, కస్టమరు మీ ఎదురుగానే నిలబడి ఉన్నారా?’

ఆవిడ ‘అవును’ నొక్కింది.

‘అయితే వాళ్ళకు కుర్చీ వేయండి. వెతుకుతున్నాం అనకండి. తెస్తున్నాం అనండి.’

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. ఇస్త్రీ బల్ల కింద చూశారా. పక్క నంబరు హ్యాంగరు మీద రెండు బట్టలు లేవు కదా. వాళ్ళు నీలం అంటున్నది ఏ నీలం. కంగారు పడకండి, బట్ట నడిచి వెళ్ళిపోదు.

అన్నీ నా మాటలే. రెండున్నరేళ్ళు నేను నోటుబుక్కులో రాసి, అతనికి చదివి వినిపించినవి.

“మా కౌంటరు పిల్ల దీన్ని ‘అత్తయ్య’ అంటుంది” అని నవ్వింది ఆవిడ. “ఏదైనా పోతే, అత్తయ్యని అడుగు అంటుంది.”

నేనూ నవ్వాను. నా మాటలు తీసుకున్నాడు. దొంగతనమా అంటే, రోజూ నేనే కదా చదివి ఇచ్చింది. గౌరవమా అంటే, మరి నాకెందుకు చెప్పలేదు? నా మాటలు అందులో ఉన్నాక నాతో పనేముంది?

మధ్యాహ్నానికి గదికి చేరాను. నా కంప్యూటరులో పాస్‌వర్డు కొట్టాను. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాను.

“మార్చానక్కా” అన్నాడు తమ్ముడు, కుర్చీలోంచి లేవకుండానే. “నిన్న మీ పేరుతో లోపలికి వచ్చింది ఎవరు?”

కీబోర్డు మీదనుంచి చేతులు తీసేశాను.

“వేరే చోటినుంచి వచ్చారు. రెండు గంటలు ఉన్నారు. ప్రతి అర తెరిచి చూశారు. మీరు కాదని తెలుసు, మీకు ఆ అరలు ఉన్నాయనే తెలియదు. ఎవరు వచ్చినా ఏం చూసినా సాఫ్ట్‌వేరులో రాసి ఉంటుంది. ఎవరికి అమ్ముదామనుకున్నారు?”

“అమ్మడమా! మా మరిది అతను. ఊరికే చూశాడు.”

“ఊరికే ఎందుకు చూస్తారు?”

“నువ్వు తెర గోడకు తిప్పుకొని రాస్తే చూడరా మరి? మూడు వారాలుగా నా ఫోను చచ్చి పడి ఉంటే నేనేమనుకోవాలి? నన్ను ఒక మీట కింద నొక్కిపెట్టి, నాతోనే చెప్పకుండా...”

“పూర్తయ్యాక చూపిద్దామనుకున్నాను. సగంలో చూపిస్తే మీరు బాధపడతారని.” అంతసేపు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. “పొద్దస్తమానం తిట్లు తినడం మీకు తప్పితే, మీరు కొత్త షాపులకు వెళ్ళొచ్చు. కౌంటరు పిల్లలకు పని నేర్పొచ్చు. అలా అనుకున్నాను.”

“ఒక్కమాట చెప్పొచ్చుగా?”

“మీరు ఒక్కమాట గట్టిగా అడగొచ్చుగా?”

కింద తాళాలతను మిషను మీద ఏదో తాళంచెవి అరగదీస్తున్నాడు. అతను చెప్పింది నిజమేనని అప్పుడు అనిపించింది. ఇప్పటికప్పుడు అల్లుకున్న కథేమోననీ అనిపించింది. రెండూ ఒక్క క్షణంలోనే అనిపించాయి. అతనికీ నా మరిది సంగతి అలాగే అనిపిస్తోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

“ఇక కుదరదక్కా” అన్నాడు చివరికి. “రేపు మీరు నా పక్కన నిలబడి ఏదడిగినా, ఎందుకడుగుతున్నారో అనుకుంటాను.”

“రేపటిదాకా ఎందుకు తమ్ముడూ. నేను ఇప్పుడే అనుకుంటున్నాను.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వాక మాట మార్చుకుంటామేమో అనుకున్నాను. మార్చుకోలేదు.

పంపకాల మీద తగువు రాలేదు, ఒక పూటలో తేలిపోయింది. సాఫ్ట్‌వేరు అతనిది. నోటుబుక్కులు నావి. రెండు షాపులావిడ మూడో షాపు పెడుతూ పని నేర్పడానికి నన్ను రమ్మంది. మిగిలింది ఒక్కటే సంగతి, అది తమ్ముడే తెచ్చాడు.

“ఆ మీటలో ఉన్నవి మీ మాటలు. తీసేయమంటే తీసేస్తాను. మళ్ళీ షాపులవాళ్ళు కొన్నాళ్ళు ఇబ్బంది పడతారు, అంతే.”

ఒక్క రోజు గడువడిగాను. మరిదైతే “తీయించెయ్ వదినా, అవి లేకపోతే అతని సాఫ్ట్‌వేరు ఉప్పులేని పప్పు” అన్నాడు. అందులో నిజముంది. అందుకే తీయించేస్తానేమోనని భయమేసింది. మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చొని, ఈసారి రెండు కళ్ళూ మూసుకొనే అడిగాను. స్వామీ, మాట నోరు దాటాక అది నాదేనా? ఆ మాటలు నేనెక్కడ నేర్చుకున్నాను? కౌంటరు అవతల నిలబడి తిట్టినవాళ్ళ దగ్గర కాదూ? స్వామి ఎప్పటిలాగే ఏమీ అనలేదు. మా ముక్తసరికి ఆయనే గురువు కాబోలు.

చివరిరోజు గదికి వెళ్ళి చెప్పాను. “ఉంచు. కాని ఒకటి వదిలేశావు. నోటుబుక్కులో ప్రతి ఫోను చివరా ఉంటుంది, చూడు.”

తిరగేసి చూశాడు. “‘దొరికాక ఒకసారి చెప్పండి.’ ఇది వెతకడానికి పనికిరాదు కదక్కా, అందుకే తీసుకోలేదు.”

“వెతకడానికి కాదు. బట్ట పోయిన సంగతి అందరూ చెబుతారు. దొరికిన సంగతి అడిగితేనే చెబుతారు. అది వినకపోతే రోజంతా పోయినవాటి మధ్యే బతుకుతాం. నీకు మూడు వారాలుగా ఒక్కరైనా దొరికిందని చెప్పారా?”

లేదన్నాడు.

“ఆ కబురు ఎవరికి రావాలి? మీకా?”

“నేనెక్కడుంటాను? నీకే.”

సరేనన్నాడు. గది తాళంచెవి బల్లమీద పెట్టాను. వెళ్ళే ముందు ఎప్పటిలా రెండు నిమిషాలు నిలబడ్డాను. అతనూ నిలబడ్డాడు. ఈసారి కన్ను తెరవలేదు. తెరవాలని మాత్రం ఉండింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. పదిరోజులు ఆగి, నేను ఒకప్పుడు కౌంటరు చూసిన షాపుకు వెళ్ళాను, ఆ నలభై ఒక్కటిలో అదీ ఒకటి. పాత యజమానిని పలకరించడానికని చెప్పాను గాని, తమ్ముడు నిజంగా ఆ మాట పెట్టాడా లేదా చూడటానికే వెళ్ళాను. కౌంటరు దగ్గర ఒకావిడ దుప్పటి కోసం నిలబడి ఉంది. కౌంటరు పిల్ల ఆవిడకు కుర్చీ వేసింది, తెస్తున్నాం అంది, ఇస్త్రీ బల్ల కిందికి వంగి దుప్పటి తీసుకొచ్చింది. తెరమీద చివరి మాట వచ్చింది.

‘దొరికాక ఒకసారి చెప్పండి.’

పిల్ల ‘దొరికింది’ అని నొక్కి, తర్వాతి చీటీ అందుకుంది.

యజమానికి వెళ్ళొస్తానని చెప్పి బయటికి వచ్చాను. ఎక్కడో ఆ గదిలో తమ్ముడి తెరమీద ఆ ఒక్కమాట ఈపాటికి వెలిగి ఉంటుంది. మనసు తేలికపడింది. వీధి మలుపు దాకా అలాగే నడిచాను. నేనొచ్చి చూసిపోయిన సంగతి కూడా అందులో ఎక్కడైనా రాసి ఉంటుందా అన్న ఆలోచన ఆ మలుపులో వచ్చింది.