వర్జ్యంలో ఆగిన సీటు

మధ్యాహ్నం పన్నెండులోపు ఒప్పుకోకపోతే చెన్నై రోబోల శిబిరంలో నా సీటు వేరేవాళ్లకి వెళ్లిపోతుందని మెయిల్లో స్పష్టంగా రాశారు. మా నాన్న సత్యప్రసాద్ గారేమో పడక్కుర్చీలో కూర్చుని, "కాస్త ఆగమ్మా హారతీ, వర్జ్యం నడుస్తోంది. మామ్మ ఒప్పుకోదు" అంటున్నారు. అప్పటికే పదకొండు దాటింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం అయిపోయింది, కోడ్ బాగానే రాస్తాను. కానీ నేను రాసిన కోడ్‌తో ఇంతవరకూ ఒక్క చక్రమూ తిరగలేదు. చెన్నై శిబిరంలో వేసవంతా ఉంచి, మన చేత్తోనే రోబో తయారుచేయిస్తారు. నాన్నకి నచ్చింది రాజమండ్రి కోర్సు. రోజూ మా తణుకు నుంచి బస్సులో వెళ్లి, ఏసీ గదిలో వీడియోలు చూసి, చివర్లో సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చట. వీడియోలు చూడ్డానికి మా ఇంట్లో మంచం చాలదా?

పోనీ నేనే నొక్కేద్దామంటే కుదరదు. తండ్రి అనుమతి కోసం ఓటీపీ నాన్న ఫోన్‌కే వస్తుంది. ఆ ఫోన్ ఆయన జేబులో ఉంది.

మామ్మ కాళ్లు పట్టుకునైనా ఒప్పిద్దామని డాబా మీదకి పరిగెత్తాను. ఎండలో పాత చీర పరిచి, మామ్మ గుమ్మడి వడియాలు పెడుతోంది. వర్జ్యంలో మామ్మ కొత్త పచ్చడి జాడీ మూత కూడా తియ్యదు. అలాంటిది ఈ ఏడాది మొదటి వడియాలు ఇప్పుడు పెడుతోందా?

"మామ్మా, వర్జ్యం కదా?"

"వర్జ్యమేంటే? తెల్లారకుండానే పోయింది. కేలండర్ చూసే మొదలెట్టాను."

"మరి నా సీటుకి నువ్వు ఒప్పుకోవంట కదా? పోయినేడు హైదరాబాద్ పోటీకీ నువ్వే వద్దన్నావంట."

మామ్మ చెయ్యి ఆగిపోయింది. "నన్నెవరడిగారే? అందుకేనా అన్నాళ్లు నాతో మాట్లాడలేదు?"

నాకు సిగ్గేసింది.

పిండి చేతులతోనే మామ్మ మెట్లు దిగింది. "ఏరా ప్రసాదూ, పిల్లని పంపడం ఇష్టం లేకపోతే నోరు తెరిచి చెప్పలేవా? మధ్యలో నేనెందుకు?"

నాన్న లేచి నిలబడ్డారు. "నేను వద్దంటే అది నన్ను చూసి మొహం తిప్పుకుంటుందమ్మా. తట్టుకోలేను."

"నన్ను చూసి తిప్పుకుంటే ఫర్వాలేదా?" అంది మామ్మ.

పన్నెండు కావస్తోంది. నేను ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, ఒప్పుకుంటున్నానన్న బటన్ నొక్కాను. ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన తియ్యలేదు.

"వద్దనుకుంటే మీ నోటితోనే చెప్పండి నాన్నా" అన్నాను. నిజంగానే చెప్పేస్తారేమోనని హడలిపోయాను.

నాన్న మామ్మ వైపు చూశారు. ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అంకే పైకి చదువుతుంటే నేను కొట్టాను. ఆఖరి అంకె దగ్గర ఆగిపోయారు. మామ్మ ఆయన పక్కన వంగి, ఫోన్‌లో చూసి, ఆ ఒక్క అంకె తనే చెప్పింది.