గడియ తీసిన పాట

పాపకి నిద్ర పట్టేది ఒక్క పాటకే. వేరేది ఎత్తుకుంటే కళ్ళు పత్తికాయల్లా చేసుకుని చూస్తుంది. అందుకే ఆ మధ్యాహ్నం కూడా పిల్లతల్లి ఉయ్యాల ఊపుతూ అదే అందుకుంది.

"గడియ తీసి పెట్టానమ్మా, గదిలో నిద్దుర చెదరదులే..."

"ఆపు!"

మందుల షాపులో డ్యూటీ దిగి వచ్చిన ఆడపడుచు గుమ్మంలోనే ఆగిపోయింది. డిగ్రీ చదివిన మనిషి. ఆ ఇంట్లో ఆమె మాటకి తిరుగులేదు.

"ఆ సినిమా చూశావా నువ్వు?"

"లేదొదినా. రేడియోలో విన్నా."

"అదీ సంగతి. ఎనిమిదో క్లాసులో అటకెక్కిన చదువు మరి! అందులో తల్లి ఆ పాట పాడి, గడియ తీసి, చెప్పులు చేత పట్టుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు. అది మా పిల్లకి పాడతావా?"

పిల్లతల్లి ఊపుతున్న ఉయ్యాల ఆపేసింది. ఇన్నాళ్ళూ తను పాడింది వదిలేసి పోయే పాటా? పెదవి కదపకుండా పాటంతా ఒకసారి పాడుకుంది. పోతున్నానన్న మాట ఎక్కడా తగల్లేదు.

"ఆవిడ ఎందుకెళ్ళిందో నాకు తెలీదు గానీ, పాటలో మాత్రం బయట్నించి వచ్చేవాళ్ళు తలుపు కొడితే పిల్ల లేస్తుందనే గడియ తీసింది."

"ఓహో! రాసినాయన నీ చెవిలో చెప్పాడా? ఇంకోసారి వినబడిందో, పిల్ల నా గదిలోనే పడుకుంటుంది. నీ నీడ కూడా పడనివ్వను."

సాయంత్రం మొగుడితో చెప్పుకుంటే, "అక్క ఊరికే అనదు," అని ఫోన్లో తల దూర్చేశాడు.

మర్నాడు పాప గంటసేపు గుక్కపట్టి ఏడ్చింది. పిల్లతల్లి వేరే పాటలు రెండు ఎత్తుకుని వదిలేసింది. వదిన చప్పుడు లేకుండా వచ్చి వింటుందేమోనని, వెళ్ళి వీధి తలుపు గడియ వేసొచ్చి, గొంతు తగ్గించి పాడింది. పాప ఇట్టే నిద్రపోయింది.

రెండింటికి వదిన ఎప్పట్లాగే తలుపు తోసింది. రాలేదు. దబదబా బాదింది. పాప ఉలిక్కిపడి లేచి ఇల్లు పీకి పందిరేసింది.

"పట్టపగలు గడియేంటే?"

"రోజూ మీరొచ్చే వేళకి తీసి ఉంచేదాన్ని. పాప పుట్టిన ఈ ఏడు నెలల్లో ఒక్కరోజైనా తలుపు కొట్టారా మీరు?"

"అంటే ఇవాళ కూడా పాడావన్నమాట!" వదిన పాపని లాక్కుని తన గదిలోకి పోయింది.

పిల్లతల్లి బయటే గోడకి ఆనుకుని నిలబడింది. లోపల మాత్రల సీసా గిలక్కాయలా గలగలలాడింది. ఏదో కూనిరాగం మొదలై ఆగిపోయింది. పాప ఏడుపు మాత్రం ఆగలేదు.

చివరికి తలుపు తెరుచుకుంది.

"ఇదిగో, పట్టు. ఆ ఏడ్చేదేదో నువ్వే ఏడువు." పాపని చేతుల్లో కుక్కి, మొహం తిప్పుకుంది. "రేపట్నించి గడియ తీసి పెట్టు."

"సినిమాలోలాగానా వదినా, పాటలోలాగానా?"

వదిన తలుపు ధడాలున వేసుకుంది.

పిల్లతల్లి ఆ తలుపుకెదురుగానే కూర్చుని, మొదట్నించీ అందుకుంది. ఈసారి గొంతు తగ్గించలేదు.