అంకాలమ్మ బొటనవేలు

పొద్దున ఆరు కొట్టేసరికి రొయ్యల కంపెనీ బస్సు పాళెం మలుపులో ఆగుతుంది. ఆడవాళ్ళు గమ్‌బూట్లు చంకలో పెట్టుకుని వరసగా ఎక్కుతారు. మెట్టు మీద సూపర్‌వైజరు కిషోర్ బాబు వేలిముద్ర మిషను పట్టుకుని నిలబడతాడు. అంకాలమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె నేరుగా లోపలికి పోతుంది. వెనకనే నోట్లో బ్రష్షుతో వచ్చిన కూతురు రోజా మిషను మీద బొటనవేలు పెడుతుంది. "అంకాలమ్మ, హాజరు" అంటుంది మిషను. రోజా పళ్ళు తోముకుంటూ ఇంటికి పోతుంది. మిషను వచ్చిన ఎనిమిదేళ్ళ నుంచీ ఇదే వరస.

ఇందులో ఎవరికీ వింత లేదు. ఐసు నీళ్ళలో ఏళ్ళ తరబడి రొయ్యలు ఒలిచిన చేతికి గీతలు మిగలవు. ఆ పాళెంలో తల్లి వేళ్ళ మీద అరిగిపోయిన గీతలు బిడ్డ వేళ్ళ మీదికి ఎక్కుతాయి, కొందరికి మేనత్త ముక్కు వచ్చినట్టు. విరుగుడు కూడా అందరికీ తెలిసిందే. ఆడపిల్ల వేలి మీద తల్లి గీత కనబడగానే ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పది రోజులు రొయ్యలు ఒలిపిస్తారు. పైపైన ఉన్న గీత రాలి తల్లి వేలికే తిరిగిపోయి, పిల్ల సొంత గీత బయటపడుతుంది.

అంకాలమ్మ ఒక్కతే కూర్చోబెట్టలేదు. బస్సులో ఆమె పక్కసీటు మనిషి విజయకుమారి ఎంతో చెప్పి చూసింది.

"పది దినాలేగదమే. ముదిరినాయంటే మళ్ళ ఊడి రావు."

"ముదరనీ అక్కా. నా బిడ్డ చెయ్యి రొయ్యను ముట్టదు. నేను యాడికి పోయినా వేలిముద్ర వేసినదాన్నే. నా బిడ్డ సంతకం పెట్టాల."

ఆమె పంతం ఊరికే పుట్టింది కాదు. మొగుడు చెన్నైలో కాశిమేడు హార్బరుకు బోటు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాక, మూడేళ్ళ రోజాను తన తల్లికి అప్పగించి అంకాలమ్మ కువైట్‌కు ఇంటి పనికి పోయింది. ఆ ఇంటావిడ ఇస్త్రీపెట్టెతో వీపు మీద వాత పెట్టిన రోజు గోడ దూకింది. వాత పెట్టినామెను ఎవరూ ఏమీ అనలేదు. యజమానిని వదిలి పారిపోవడం అక్కడ నేరం. పోలీసులు పది వేళ్ళూ గాజుపలక మీద ఒత్తించుకుని, బతికినంత కాలం ఆ దేశంలో అడుగు పెట్టకూడదని రాసి విమానం ఎక్కించారు. ఏం రాసుకున్నారో చదవడం ఆమెకు రాదు. తిరిగొచ్చి రొయ్యల్లో చేరింది. పదిహేడేళ్ళయింది.

రోజాకు ఆరో తరగతిలోనే సంతకం నేర్పించింది. పేరు చివర ఓ వంపు, దాని కింద రెండు చుక్కలు. ఆ సంతకమంటే అంకాలమ్మకు పిచ్చి. కరెంటు బిల్లు వెనక కూడా పెట్టించుకుని చూసుకునేది. పిల్ల గూడూరులో నర్సింగ్ పాసై పట్టా తెచ్చిన రోజున, కింద పిల్ల చేసిన సంతకాన్ని నున్నటి వేలితో తడిమి తడిమి చూసింది. ఆ వేలికి కాగితం గరుకు కూడా సరిగ్గా తెలియలేదు.

కువైట్‌లోనే పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆ పేరు వినగానే అంకాలమ్మ వీపు తడుముకుంది. "నువ్వు పొయ్యేది ఇంటి పనికి కాదు గదా" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. చెన్నైలో వీసా కోసం వేళ్ళు ఇవ్వాలంటే రోజా ఉతికిన తెల్లకోటు మడిచి బ్యాగులో పెట్టుకుని మరీ పోయింది.

కౌంటరులో ఎవాంజెలిన్ అనే నడివయసు ఆఫీసరు స్క్రీను చూసి, రోజాను చూసి, మళ్ళీ స్క్రీను చూసింది.

"ఈ వేళ్ళను జీవితాంతం రావద్దన్నారమ్మా."

"అవి మాయమ్మ గీతలు మేడమ్. ఆమెవి అరిగిపోయి నాకొచ్చినాయి."

"తెలుసమ్మా. మీ వైపు నుంచి ఇట్లాంటివి వస్తానే ఉంటాయి." ఎవాంజెలిన్ గొంతులో నిజంగానే జాలి ఉంది. "ఏ వేళ్ళను రానివ్వకూడదో రూల్సులో ఉంది. అవి ఎట్లా వచ్చినాయో అడగమని లేదు."

జాలిపడుతూనే కాగితం మీద ముద్ర కొట్టింది.

తరవాత నెల్లూరులో ఓ ఆస్పత్రివాళ్ళు రోజాను చేర్చుకున్నారు. తొలిరోజు వేలు పెడితే పీఎఫ్ రికార్డులో అంకాలమ్మ, రొయ్యల కార్మికురాలు, నలభై నాలుగేళ్ళు అని వచ్చింది. ఒకే వేలు రెండు చోట్ల ఉద్యోగం చేయడం కుదరదన్నారు. రోజా తెల్లకోటు విప్పకుండానే బస్సెక్కి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం అంకాలమ్మ తనే బుట్టెడు రొయ్యలు తెచ్చి అరుగు మీద కుమ్మరించింది. ఎన్నేళ్ళు కాపాడిన చేతులు! వాటిని తనే పట్టుకుని ఐసు నీళ్ళలో ముంచింది. పది రోజులు కాదు, నలభై రోజులు ఒలిచింది రోజా. గోళ్ళ పక్కన చర్మం లేచింది, ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు చీము పట్టాయి. గీతలు మాత్రం కదల్లేదు. మెత్తగా పెరిగిన చేతిలో అవి వేళ్ళూనుకున్నాయి. "చెప్తిని గదమే" అని విజయకుమారి అనలేదు. అనకపోవడమే అంకాలమ్మకు ఎక్కువ నొప్పి పెట్టింది.

నవంబరులో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. పనిచేసే ప్రతి మనిషికీ నియామకపత్రం రాసివ్వాల్సిందేనట. పాళెంలో ఆడవాళ్ళు సంబరపడ్డారు. ఇన్నేళ్ళు పనిచేసినట్టు చేతిలో కాగితం ముక్క లేనివాళ్ళు మరి. అంకాలమ్మ ఆ కాగితాన్ని పెట్టడానికి ట్రంకుపెట్టెలో రోజా పట్టా పక్కన చోటు కూడా చేసింది.

సంక్రాంతి దాటిన వారం కిషోర్ బాబు కాగితాల కట్టతో బస్సు దిగాడు. పేరు పిలవడం, మిషను మీద వేలు, కాగితం మీద సంతకమో ముద్రో, చేతికి పత్రం. అంకాలమ్మ పేరు రాగానే అలవాటుగా రోజా ముందుకొచ్చి వేలు పెట్టింది. "అంకాలమ్మ, హాజరు" అంది మిషను.

"ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు పోయినానక్కా" అన్నాడు కిషోర్ బాబు, రోజాతో కాదు, అంకాలమ్మతో. "ఇప్పుడు చట్టం వచ్చినాది. కంపెనీవాళ్ళు తనిఖీకి భయపడతన్నారు. వేలు ఎవురిదో పని వాళ్ళే చెయ్యాల."

"పేరు నాదే గదయ్యా?"

"పేరు నీదే. వేలు ఆ పాప దగ్గరుండాది. నీ వేలు పెట్టి చూడు."

పెట్టింది. పైటకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మిషను ఏమీ పలకలేదు.

"మరి నేనెవురినయ్యా?"

అతను కట్టంతా తిరగేశాడు. "లిస్టులో లేవక్కా. పాప ఎక్కకపోతే అంకాలమ్మ పని మానేసినట్టు రాయాల. పదిహేడేళ్ళ సర్వీసూ పోతాది."

రోజా తల్లి వైపు చూసింది. ఆ మొహంలో ఇక చూడటానికేమీ లేదు. చేయి చాచి పెన్ను అందుకుంది. పత్రాన్ని బస్సు ఒంటికి ఆనించి, వంపు తిప్పి, కింద రెండు చుక్కలు పెట్టబోయింది.

కిషోర్ బాబు పెన్ను లాగేసుకున్నాడు. "ఏందమ్మా ఇది? అంకాలమ్మకు సంతకం రాదు. రికార్డులో వేలిముద్రే ఉండేది." ఆ కాగితం చింపేసి, ఇంకోటి తీసి, సిరా డబ్బా మూత తెరిచాడు.

రోజా వేలిముద్ర వేసింది. అంకాలమ్మ పైటకొంగుతో సిరా తుడవబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. తల్లి చంకలోని గమ్‌బూట్లు లాక్కుని బస్సెక్కింది. లోపల ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. రోజా పుట్టినప్పుడు పురుడు పోసిన విజయకుమారి పక్కసీటు మీద నీళ్ళు తుడిచింది.

"ఇటు రా, అంకాలమ్మా" అని రోజాను పిలిచింది.

"వస్తన్నానక్కా" అంది కింద నిలబడిన అంకాలమ్మ. కిషోర్ బాబు తలుపు వేసి చరిచాడు. బస్సు కదిలింది.