కాలు ఎత్తితేనే ఆట

దేవుడి దృష్టిలో కాలు నేల విడిస్తేనే చిందులాట అని మా కెజయా మామ్మ చెప్పేది. ఆమె బానిసగా పుట్టిన మనిషి. ఆ రోజుల్లో ప్రార్థనకు చేరినప్పుడు అందరూ గుండ్రంగా తిరుగుతూ, పాదాలు నేలకు రాస్తూ కదిలేవారట. ఈడిస్తే భక్తి, ఎత్తితే పాపం.

మేం ఆ వెసులుబాటును చర్చి దాటించి సారా కొట్టు దాకా తెచ్చుకున్నాం. ఆడా మగా ఛాతీకి ఛాతీ ఆనించి, ఒక పాదం పక్కకు జరిపి, రెండో పాదాన్ని దాని దగ్గరికి ఈడ్చాలి. మోకాళ్ళు వదులుగా ఉంచి, నడుమును ఒక్క క్షణం ఆలస్యంగా రానివ్వాలి. అంతే, దాని పేరు ఈడ్పు. పాదం లేవదు కనుక పాపం లేదు. మిగతా ఒంటి సంగతి మామ్మ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మా కొట్టు మిసిసిపీ నది గట్టుకు ఇవతల, పత్తి చేల మధ్య ఒంటిగది చెక్క ఇల్లు. అక్కడ జెల్ల చేపలు వేయించే పని నాది. పెద్ద వరద తీశాక నా పొయ్యి ముందు నేలపలక ఒకటి ఉబ్బి, అంచు రెండు వేళ్ళ ఎత్తు లేచింది. మేకులు కొడితే చీలిందే గాని దిగలేదు. ఇక దాన్ని వదిలేసి, అక్కడికి రాగానే అందరం కాలెత్తి దాటడం అలవాటు చేసుకున్నాం. ఆ ఒక్క అడుగు పాపం వరదది.

మా అక్క ఒజెల్లా మొగుడు టార్వర్ వరదకు ముందే దూరాన గట్టు పనికి పోయాడు. పోతూ పోతూ అక్క రెండు పళ్ళు రాలగొట్టి వెళ్ళాడు. ఇక నీతో కాపురం చెయ్యనని అక్క కబురు పెట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం, కొట్టు నిండా జనం ఉండగా, వాడు తిరిగొచ్చాడు.

గుమ్మంలో అడ్డం నిలబడ్డ కాపలా మనిషి హోసీ దవడ మీద సీసా పగలగొట్టాడు. హోసీ కూలబడి పళ్ళూ గాజూ కలిపి ఉమ్మాడు. టార్వర్ మంగలికత్తి తెరిచాడు.

"ఏమే, మొగుణ్ణి వదిలేసే మొనగత్తెవయ్యావా?"

"వదిలేసి ఏడాదయింది. నీకు ఇప్పుడు తెలిసిందా?" అంది అక్క.

"ఒక్క పాట నాతో ఆడు. అయ్యాక నా వెంట నడు. నడవకపోతే నీ మెడ ఇక్కడే కోసి పోతా."

"బావా, వేడి వేడి చేప తిను, కోపం దిగుతుంది," అన్నాను.

"నోర్మూసుకుని పిండి అద్దుకోవే మరదలా. ఒరే ముసలోడా, వాయించు! ఆపావో, వేళ్ళు తెగుతాయ్!"

గిటారు ముసలాయన వాయించాడు. జనం గోడలకు అంటుకుపోయారు. టార్వర్ అక్క మెడ వెనక కత్తి ఆనించి ఈడ్పు మొదలుపెట్టాడు. పాదం జరిగినప్పుడల్లా కత్తి అంచు కాస్త మెడలోకి దిగేది. తెల్ల గౌను వీపు మీద ఎరుపు నడుము దాకా పాకింది.

"ఇంత మెత్తగా ఎక్కడ నేర్చావే?"

"నువ్వు లేని చోట."

కత్తి ఇంకాస్త దిగింది. అక్క పళ్ళ సందులోంచి గాలి పీల్చింది గాని పాదం తప్పలేదు. ఈడ్పులో మగవాడు తానే నడిపిస్తున్నాననుకుంటాడు. నిజానికి ఆడది బరువు ఎటు వాలిస్తే అటు పోతాడు. అక్క నా పొయ్యి వైపు వాలుతోంది. నేను మూకుడు చెవులకు గుడ్డ చుట్టాను.

పలక దగ్గర అక్క కాలెత్తింది. ఏడాదిగా మా కొట్టు మొహం చూడని టార్వర్, మామ్మ చెప్పినంత భక్తిగా, ఎత్తకుండా జరిపాడు. పాదం లేచిన అంచు కింద ఇరుక్కుంది. అక్క బరువంతా వాడి మీద వేసింది. చీలమండ పుల్లలా విరిగింది. పడుతూ వాడు చేతులు చాచాడు, కత్తి అక్క భుజం చీల్చుకుంటూ జారింది. మరుగుతున్న పందికొవ్వు ఆ కత్తి చేతి మీదా, ముఖం మీదా కుమ్మరించాను. వాడి కేక ఇంకా అయిపోకముందే ఖాళీ మూకుడుతో నెత్తిన మొత్తాను. తర్వాత హోసీ లేచాడు. నోరు పనిచెయ్యలేదు గాని కాళ్ళు వాడి డొక్కల మీద బాగానే పనిచేశాయి.

టార్వర్‌కు ఊపిరి ఉందో లేదో ఎవరూ వంగి చూడలేదు. చంకల్లో చేతులేసి గుమ్మం దాకా లాక్కుపోయారు. నేను అక్క భుజానికి గుడ్డ కడుతూ చూశాను. వాడి రెండు మడమలూ పలకల మీద రాసుకుంటూ పోయాయి, ఎక్కడా లేవలేదు.

మామ్మ దృష్టిలో వాడు చివరిదాకా పాపం చెయ్యలేదు.